కానుకను ముందుగా తీసిపెట్టడం: విశ్వాస కుటుంబాలకు ఒక పద్ధతి

పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, కుండ నిండాక దానిని సంఘానికి తీసుకుపోవడం తెలుగు గ్రామ సంఘాలలో పాత ఆచారం. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి దోర్నకల్ అధ్యక్ష మండలంలో సభ్యులు ఎక్కువమంది కూలిపనులు చేసుకునే పేదలే అయినా, ఇవ్వడం వారికి కూడా చెందిన ఆధిక్యత అని ఆయన నేర్పించారు. ఆ పద్ధతిలో గమనించవలసింది పరిమాణం కాదు, వరుస: వండగా మిగిలినది కాదు, వండకముందే తీసినది.

కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో పౌలు చెప్పినది కూడా ఇదే. ప్రతి ఆదివారం, ఎవరికి కలిగిన కొలది వారు తమ యొద్దే కొంత నిలువచేయాలి. కనుక జీతగాళ్లు జీతం పడిన రోజునే, ఇతర ఖర్చులకు ముందుగా, భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకున్న మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చుకోవడం మంచిది. రోజుకూలి చేసేవారికి వారానికొక కవరు చాలు. రైతుల లెక్క వేరు. పంట అమ్మిన డబ్బంతా ఆదాయం కాదు కనుక విత్తనాలు, ఎరువులు, కూలి, కౌలు పోగా చేతికి మిగిలిన దానిపైనే కానుకను లెక్కించుకోవాలి. పెట్టుబడి మీద కూడా దశమభాగం అడిగే బోధకునికి వ్యవసాయం తెలియదనుకోవచ్చు.

ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు చాలామంది పదింట ఒక వంతు అని వెంటనే జవాబు చెబుతారు. అయితే మోషే ధర్మశాస్త్రంలో ఆలయ సేవ చేసే లేవీయులకు ఇచ్చే దశమభాగంతోపాటు పండుగ భోజనానికి ఉపయోగించేది, మూడేండ్లకొకసారి పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు కూడా చేరేది కనబడతాయి. పౌలు మాత్రం శాతమేదీ నిర్ణయించలేదు. నా అభిప్రాయంలో పదోవంతును ఒక కొలతగా ఉంచుకుని, కలిగినవారు దానిని దాటిపోవడం, ఇబ్బందిలో ఉన్నవారు తక్కువతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవడం సబబు. అప్పు చేసి కానుక ఇవ్వకూడదు. మనకు కలిగినదానిని బట్టే అది అంగీకరించబడుతుంది గాని లేనిదానిని బట్టి కాదని రెండవ కొరింథీ 8వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల మందుల ఖర్చు ఆపి సంఘానికి ఇవ్వడం కూడా తగదు. కొర్బాను, అంటే దేవునికి అర్పించినది, అనే పేరుతో కన్నవారిని వదిలేసినవారిని యేసు గద్దించారు.

తీసిపెట్టిన మొత్తాన్ని ఒకే చోట ఇవ్వనవసరం లేదు. సొంత సంఘానికి, సంఘకాపరి పోషణకు పెద్ద భాగం ఉంచి, ఒక భాగాన్ని సువార్త పనికి, మరొక భాగాన్ని పేరు చెప్పకుండా ఇరుగుపొరుగు అవసరాలకు కేటాయించవచ్చు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయకో కోడిపుంజుకో బజారు ధరకు ఎన్నో రెట్లు పాడడం సంతోషకరమైన సందడే గాని, పాట పంతాలకు పోయిందంటే అది కానుక కాదు. “ఇంత విత్తండి, నూరంతలు వస్తుంది” అని వేదిక మీద నుంచి ఒత్తిడి చేసేవారికి అసలే ఇవ్వనక్కరలేదు. దానిని వ్యాపారం అనడమే న్యాయం.

ఇచ్చేవారికి ఎంత బాధ్యత ఉందో, పుచ్చుకునేవారికి అంత ఉంది. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్ము విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని పౌలు తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మనుష్యులను పంపాడు. అందువల్ల ఆదివారపు కానుకను కనీసం ఇద్దరు లెక్కించి పుస్తకంలో సంతకాలు చేయాలి. ఆలస్యం చేయకుండా బ్యాంకులో జమ చేయాలి. జమాఖర్చులు సంఘం ముందు చదవాలి. యూపీఐ ద్వారా పంపేవారు ఖాతా సంఘం పేరున ఉందా, వ్యక్తి పేరున ఉందా అని చూసుకోవాలి. రశీదు అడగడం అవిశ్వాసం కాదు. 80జి పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు కోరేవారు, ఆ సంస్థకు దానికి తగిన ఆమోదం ఉందో లేదో ముందే అడగాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు.

విదేశాల్లో ఉంటూ సొంత ఊరి సంఘానికి పంపేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారిది, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దానిని పుచ్చుకునే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాకు చేరాలి. ఈ సంగతి తేల్చుకోకుండా పాస్టరుగారి సొంత ఖాతాకు పంపితే చిక్కుల్లో పడేది ఆయనే కాబట్టి, పంపే ముందు సంఘ కోశాధికారితో ఒకసారి మాట్లాడాలి.