చలి నీళ్లలో కైట్‌సర్ఫింగ్: సూట్ ఉన్నా వణుకు ఎందుకు?

"5/4 వేసుకున్నా అరగంటకే వణుకు వచ్చేస్తోంది, 6/5 కొనమంటారా?" చలికాలం రాగానే ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారడం; 5/4 అంటే ఆ సూట్ మందం, ఒంటి దగ్గర 5, చేతులు కాళ్ల దగ్గర 4 మిల్లీమీటర్లు. వెంటనే కొనొద్దనే చెబుతాను. వెట్‌సూట్ లోపలికి కాస్త నీరు రావడం మామూలే. ఒళ్లు దాన్ని వెచ్చబరుస్తుంది, అది అక్కడే నిలిచి ఉంటే చలి ఆగుతుంది. కదిలినప్పుడల్లా ఆ నీరు బయటికి పోయి కొత్త చన్నీళ్లు వస్తుంటే మందం ఎంత పెంచినా డబ్బు దండగే. పైగా మందం పెరిగేకొద్దీ చేతులు కదపడం కష్టమై త్వరగా అలసిపోతారు.

ముందు నీటి ఉష్ణోగ్రత చూడండి. గాలిది కాదు, నీటిది. 14 నుంచి 17 డిగ్రీల సెల్సియస్ నీటికి 4/3, 10 నుంచి 13 మధ్య అయితే బూట్లు, గ్లవ్స్‌తో 5/4, పది కంటే తక్కువైతే హుడ్‌తో 6/5 లేదా డ్రైసూట్ (లోపలికి నీరే రానివ్వని సూట్). ఇది సుమారు లెక్క. మీకు చలి ఎక్కువైతే ఒక మెట్టు పైకి వెళ్లండి. శీతల దేశాల్లో వసంతం మొదట్లో ఎండ చూసి పలచటి సూట్ తీసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. గాలి వేడెక్కినా సముద్రం వేడెక్కడానికి ఇంకా వారాలు పడుతుంది. ఈ లెక్కకు మీ సూట్ సరిపోతుంటే సమస్య మందంలో లేదు. కిందికి చదవండి.

లక్షణం: పడినప్పుడల్లా మెడ వెనక నుంచి వీపు మీదికి చన్నీళ్లు

అందరూ మెడ పట్టీనే తిడతారు. దాన్ని ఊపిరాడనంత బిగిస్తారు, లేదంటే లోపల హుడ్ ఉన్న బనియన్ కొంటారు. రెండు సెషన్లు బాగున్నట్టు అనిపిస్తుంది, తర్వాత మళ్లీ అదే కథ. మెడ పట్టీ తప్పు అరుదు. నేను చూసినవాటిలో ఎక్కువ సూట్లకు అసలు లోపం భుజం నుంచి గజ్జ వరకు ఉన్న పొడవులో ఉంది. సూట్ ఒంటికి పొట్టి.

ఇది ఎందుకు దొరకదంటే, షాపులో నిటారుగా నిలబడి చూస్తాం. నియోప్రీన్ (సూట్‌ను తయారుచేసే నురగ రబ్బరు) సాగుతుంది కాబట్టి పొట్టి సూట్ కూడా అద్దంలో అతికినట్టే కనిపిస్తుంది. నీళ్లలోకి వెళ్లాక మీరు నిటారుగా ఉండరు. బోర్డు తొడుక్కోవడానికి మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడుస్తారు, చేతులు బార్ (కైట్‌ను నడిపే కడ్డీ) మీద ముందుకు, కొంచెం పైకి ఉంటాయి. అలా వంగితే వీపు వైపు పొడవు పెరుగుతుంది, దానికి సరిపడా నియోప్రీన్ ఎక్కడి నుంచో రావాలి. హార్నెస్ (కైట్‌ను తగిలించడానికి నడుముకు కట్టుకునే పట్టీ) లేకపోతే తొడల వైపు నుంచి కొంత పైకి జరుగుతుంది. హార్నెస్ బిగించాక నడుం దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది పైవైపే. మెడ వెనక అంచు కిందికి లాగబడి, చర్మానికీ సూట్‌కీ మధ్య సందు పడుతుంది. మీరు వీపు మీద పడతారు, నీళ్లు సరిగ్గా అక్కడే దూరతాయి. షాపులో హార్నెస్ లేకుండా సరిపోయిన సూట్ నీళ్లలో ఎందుకు కారుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. సూట్ వేసుకుని, పూర్తిగా పైకి లాక్కుని, హార్నెస్‌ని నీళ్లలో బిగించినంత గట్టిగా బిగించండి. చేతులు బార్ పట్టుకున్నట్టు పెట్టి గొంతుక్కూర్చోండి. వెనక ఒకరిని నిలబెట్టి మెడ వెనక అంచు దగ్గర వేలు పెట్టమనండి. వేలు సులువుగా దూరితే సందు ఉన్నట్టే. ఇంత చిన్న పరీక్షను దాదాపు ఎవరూ చేయరు, అందుకే ఇన్నిసార్లు చెబుతున్నాను.

సందు కనిపించగానే సూట్ మార్చేయకండి. అది నిజంగా పొట్టిదా, లేక మీరు సరిగ్గా లాక్కోలేదా అన్నది తేల్చుకోవాలి. గజ్జ దగ్గర సూట్ వేలాడుతుంటే లాక్కోలేదన్నమాట. హార్నెస్ విప్పి చీలమండల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పిరుదుల మీదుగా వేళ్ల మెత్తటి భాగంతో అంగుళం అంగుళం పైకి జరపండి. గోళ్లతో లాగితే నియోప్రీన్ చీలుతుంది. తర్వాత ఒకసారి గొంతుక్కూర్చుని, చేతులు ముందుకు చాచి, నడుం పైన కొంచెం వదులు మిగిలేలా సర్దుకుని అప్పుడు హార్నెస్ బిగించండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే మెడ కారడం ఆగిపోతుంది.

అప్పటికీ ఆగకపోతే సూట్ పొట్టిదే. ఇక్కడ అందరూ చేసే పని ఒక సైజు పెద్దది కొనడం. వద్దు. సైజు పెరిగితే పొడవుతో పాటు నడుం, ఛాతీ చుట్టుకొలతలూ పెరుగుతాయి. మెడ దగ్గర మూసిన సందు నడుం వెనక తెరుచుకుంటుంది. ఆడవాళ్ల సూట్లలో చాలా బ్రాండ్లు ఒకే సైజులో పొడుగువాళ్లకీ పొట్టివాళ్లకీ వేరే కోత ఇస్తాయి. అంకె పక్కన టీ ఉంటే పొడుగు, ఎస్ ఉంటే పొట్టి. మీ అంకె అలాగే ఉంచి పొడుగు కోత వెతకండి. మొత్తం ఎత్తు మామూలుగా ఉండి కాళ్లు చిన్నవి, నడుం పైభాగం పొడవు ఉన్నవాళ్లకీ ఇదే దారి, కాళ్ల దగ్గర కాస్త మడతలు పడినా నష్టం లేదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అంకె ఏ దేశానిదో చూడండి. అమెరికా 8 అంటే బ్రిటన్‌లో 12. అంకెను కాదు, సెంటీమీటర్ల పట్టికను నమ్మండి.

లక్షణం: నడుం వెనక, హార్నెస్ కింద చల్లగా ఉండటం

మగవాళ్ల సూట్ వేసుకున్నారా? అయితే కారణం అదే కావచ్చు. పిరుదులకు పట్టే సైజు తీసుకుంటే నడుం దగ్గర వదులవుతుంది, వెన్ను లోపలికి వంగే చోట నీటి సంచి తయారవుతుంది. హార్నెస్ దాన్ని అదిమిపెట్టి మూసేస్తుందని అనుకుంటారు. జరిగేది వేరు. మీరు కదిలిన ప్రతిసారీ హార్నెస్ ఆ సంచిని నొక్కి వదులుతుంది, అది పంపులా నీళ్లు తోడుతుంది. హార్నెస్ లేకుండా అక్కడ సూట్‌ని రెండు వేళ్లతో పట్టుకోండి. గుప్పెడు పైకి లేస్తే వదులు. ఆడవాళ్ల కోత ఉన్న వేరే బ్రాండ్ ప్రయత్నించండి, ఒక్కో బ్రాండ్ కొలత ఒక్కోలా ఉంటుంది. సూట్ మిగతా అంతా బాగుంటే నియోప్రీన్ రిపేరు చేసేవాళ్లు నడుం దగ్గర కోసి మళ్లీ అతికించి కుడతారు. కొత్త సూట్ పొడిగా ఉన్నప్పుడు కొంచెం ఇరుగ్గా అనిపించాలి, తడిశాక వదులవుతుంది. పూర్తి ఊపిరి తీసుకోలేకపోతే మాత్రం వదిలేయండి.

లక్షణం: నీళ్లలో బాగానే ఉంది, స్వారీ చేస్తుంటే చలి

ఇది గాలి పని. రెండువైపులా బట్ట ఉన్న నియోప్రీన్ నీటిని పట్టి ఉంచుతుంది, గాలికి అది ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఛాతీకీ వీపుకీ నున్నటి నియోప్రీన్ ఉన్న సూట్ మీద నీళ్లు నిలవవు. కానీ హార్నెస్ రాపిడికి ఆ నున్నటి పొర త్వరగా పోతుంది, అది హార్నెస్ తగిలే చోటికి రాకుండా చూసుకోండి. ఉన్న సూట్‌నే వాడాలంటే పైన గాలి ఆపే జాకెట్ వేసుకోండి. హార్నెస్ హుక్, సేఫ్టీ లీష్ (కైట్‌ను మీకు కట్టి ఉంచే తాడు) జాకెట్ కింద కూరుకుపోకూడదు.

చేతులు మొద్దుబారితే మరీ మందమైన గ్లవ్స్ వైపు వెళ్లకండి. 5 మిల్లీమీటర్ల గ్లవ్‌తో బార్ లావుగా అనిపించి ముంజేయి పట్టేస్తుంది. ఒళ్లు చల్లబడితే ముందు చేతులకే రక్తం తగ్గుతుంది కాబట్టి మెడ, నడుం సమస్యలు తీర్చాకే గ్లవ్స్ చూడండి. అరచేయి తెరిచి ఉండే మిటెన్లు బార్ పట్టుకోవడానికి బాగుంటాయి. కాలి అంచులు బూట్ల మీదికి రావాలి, లోపలికి కాదు.

లక్షణం: డ్రైసూట్ లోపల తడి

ఒకే చోట తడిస్తే నీళ్లు కారుతున్నాయి. అంతటా చెమ్మగా ఉంటే చెమట, ముఖ్యంగా లోపల నూలు బట్టలు వేసుకుంటే. పలచటి మెంబ్రేన్ (నీరు చొరబడని బట్ట) డ్రైసూట్‌కి సొంత వెచ్చదనం ఉండదు, అది లోపలి ఫ్లీస్, ఉన్ని బట్టలదే. వాటిని చలిని బట్టి మార్చుకోవాలి.

మణికట్టు దగ్గర తడిస్తే బార్ గట్టిగా పట్టుకుని చూడండి. మణికట్టు లోపలి స్నాయువులు పైకి తేలి, వాటి మధ్య గాడి పడుతుంది. సన్నటి మణికట్టుకి ఇది ఇంకా లోతు. సీల్‌ని (నీరు రాకుండా చర్మానికి పట్టుకునే రబ్బరు అంచు) ముంజేయి వైపు కొంచెం పైకి జరిపితే తగ్గుతుంది, తగ్గకపోతే చిన్న సీల్ వేయించండి. మెడ దగ్గర తడిస్తే సీల్ కింద జుట్టు ఇరుక్కుందేమో చూడండి, రెండు మూడు వెంట్రుకలు చాలు. మెడ వెనక ముడి పడే స్విమ్‌సూట్ వేసుకోకండి, ముడి వల్ల సీల్ లేచి ఉంటుంది. ప్రధాన జిప్, మూత్రానికి ఉన్న జిప్ రెండూ చివరి వరకు గట్టిగా లాగారా అని మరొకరితో చూపించుకోండి. నీళ్లలోకి దిగే ముందు కూర్చుని, మెడ సీల్‌ని వేలితో తెరిచి లోపలి గాలి పోనివ్వండి. లేదంటే నీళ్లలో కాళ్లు పైకి తేలుతాయి.

కుట్లు విడిపోవడం, సూది రంధ్రాలు, తయారీ లోపాలు ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

మార్పు చేసిన సూట్‌తో మొదటిసారి కైట్ లేకుండా దిగండి. హార్నెస్ కట్టుకుని ఛాతీ లోతులో పది నిమిషాలు తేలండి, ముడుచుకోండి, వెనక్కి పడండి. చాలా చల్లటి నీళ్లు నేరుగా తగిలితే చేతులు సరిగ్గా పనిచేసేది సుమారు మొదటి పది నిమిషాలే. కైట్ పడిపోతే తాళ్లను బార్‌కు చుట్టేసి ఒడ్డుకు రావాల్సింది ఆ చేతులతోనే కాబట్టి, ఆ పది నిమిషాల్లో వీపు మీద చల్లదనం తెలిస్తే ఆ రోజు కైట్ ఎగరేయకండి, మెడ, నడుం మళ్లీ చూసుకోండి.