కొట్టుకి ఐదు ఆన్‌లైన్ అకౌంట్లు, చూసేవాళ్లు నలుగురు: ఎవరికి ఏం అప్పజెప్పాలి?

మా పిన్నికి తెనాలిలో పచ్చళ్ల కొట్టు ఉంది. దానికి ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ చానల్, వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్. సరిగ్గా ఆవకాయ రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్ లాగౌట్ అయిపోయింది. ఓటీపీ ఏమో ఆర్నెల్ల కిందట మానేసిన కుర్రాడి నంబరుకి పోతోంది. వాడు ఫోన్ ఎత్తడు. "మన కొట్టు తాళం వాడి జేబులో ఉందేంట్రా!" అంది పిన్ని. ఆ దెబ్బతో కూర్చుని మేం చేసిన పనులివి.

ముందు పట్టిక రాయండి. మేం బాకీల పుస్తకం చివరి పేజీలో నాలుగు గళ్లు గీశాం: అకౌంట్, ఏ మెయిల్, ఏ నంబరు, ఎవరెవరి చేతిలో ఉంది. మూడో గడి నింపేసరికి అసలు సంగతి తెలిసింది. ఐదు అకౌంట్లకి మూడు నంబర్లు, అందులో ఒకటి ఎప్పుడో ఆగిపోయిన సిమ్!

తర్వాత కొట్టు పేరు మీదే ఒక మెయిల్, ఒక సిమ్ పెట్టి అన్నిటినీ వాటికి మార్చండి. ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు వాడకపోతే కంపెనీవాళ్లు ఆపేయొచ్చు, రీఛార్జ్ మరవకండి.

మూడోది ముఖ్యం. పాస్‌వర్డ్ చెప్పకండి, అనుమతి ఇవ్వండి. చానల్ నడిపే యూట్యూబ్ స్టూడియోలో సెట్టింగ్స్, అందులో పర్మిషన్స్. వీడియోలు ఎడిట్ చేసే అబ్బాయికి ఎడిటర్ హోదా చాలు: వీడియో ఎక్కించగలడు, కొత్త మనుషుల్ని చేర్చలేడు. ఆదాయం కూడా కనబడకూడదంటే ఎడిటర్ లిమిటెడ్ ఉంది. ఫేస్‌బుక్ పేజీ మీద పూర్తి అధికారం ఇంట్లో ఇద్దరికే ఉంచి, మిగతావాళ్లకి మెసేజ్‌లు గానీ, ప్రకటనలు గానీ, ఏ పని చేస్తే ఆ పని వరకే ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌ని ప్రొఫెషనల్ అకౌంట్‌గా మార్చి పేజీకి కలిపితే, రెండిటినీ ఒకేచోట చూసుకునే మెటా బిజినెస్ సూట్ నుంచే నడుస్తుంది. గూగుల్ ప్రొఫైల్‌లో కొత్తగా చేర్చిన ఓనర్‌కి 7 రోజులు ఆగితేగాని పాతవాళ్లని తీసే వీలుండదు, అందుకని చివరి నిమిషం దాకా ఆగకండి.

వాట్సాప్‌తోనే చిక్కు. ఒక ఫోన్‌కి మరో నాలుగు పరికరాలు లింక్ అవుతాయి గానీ, అందరికీ అన్నీ కనిపిస్తాయి. ఒకే కస్టమర్‌కి మా తమ్ముడు కిలో ధర ఒకటి, పిన్ని ఇంకోటి చెప్పారు ఓసారి. ఇప్పుడు పొద్దున పిన్ని, మధ్యాహ్నం నుంచి తమ్ముడు. జవాబిచ్చిన ఆర్డర్‌కి వెంటనే లేబుల్ పెట్టాల్సిందే.

రెండంచెల భద్రతకి, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే కోడ్‌కి, ఆ కోడ్‌ని ఫోన్‌లోనే చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. అది పెట్టుకునేటప్పుడు వచ్చే క్యూఆర్ కోడ్ తెరమీద ఉండగానే రెండు ఫోన్లలో స్కాన్ చేస్తే ఒకటి పోయినా ఇబ్బంది ఉండదు. ఫోన్ చేతిలో లేనప్పుడు లాగిన్ అవడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడింది కొట్టేయండి.

ఎవరైనా మానేస్తే జీతం లెక్క తేల్చే రోజే పుస్తకం తెరవాలి. అనుమతులు తీసేయడం, వాట్సాప్‌లో వాళ్ల పరికరాన్ని లాగౌట్ చేయడం, తెలిసిన పాస్‌వర్డ్‌లు మార్చడం. పావుగంట పని.

మా పాత కుర్రాడు చివరికి ఆదివారం ఫోన్ ఎత్తాడు. ఓటీపీ చెప్పి, కిలో గోంగూర పచ్చడి పంపమన్నాడు. పంపాం.