వేలంలో పోలీసు బండి కొనే ముందు

నల్గొండలో వేలానికొచ్చిన బొలెరో చౌకగా దొరికేట్టుందని వెంటనే పాట పెంచకండి. ముందు ఆర్‌సీలో తేదీ చూడండి. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, అవి తుక్కుకే.

కిలోమీటర్లు తక్కువున్నాయని మురిసిపోవద్దు. పెట్రోలింగ్ బండి చౌరస్తాలో గంటలకొద్దీ ఇంజిన్ ఆన్‌లోనే నిలబడుతుంది. ఆ అరుగుదల మీటరులో కనబడదు. తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి పొగ చూడండి.

టాప్ మీద లైటు బిగించిన రంధ్రాలపై చెంబెడు నీళ్లు పోయండి. లోపల సీలింగ్ తడిసిందంటే తుప్పు భయం ఉన్నట్టే. సైరన్ పీకేశాక వేలాడే వైర్లను మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు, షార్ట్ అయితే బండే కాలిపోతుంది.

పాట మీకే దక్కితే వేలం కాగితాలు భద్రం. బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32తో ఆర్‌టీఏలో పేరు మార్పించుకోండి. పోలీస్ అక్షరాలు చెరిపించాకే రోడ్డెక్కించండి.