గిటార్ పెడల్‌బోర్డ్ – నాలుగో పాఠం: కరెంటు నుంచి మిక్సర్ దాకా

గత మూడు పాఠాల్లో ఓవర్‌డ్రైవ్ (శబ్దానికి గరుకు తెచ్చేది), కోరస్ (శబ్దాన్ని నిండుగా చేసేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) పెడళ్లని విడివిడిగా తీసుకుని, ఏ నాబ్ తిప్పితే శబ్దం ఎలా మారుతుందో విన్నాం. ఈసారి వాటిని ఒక బల్ల మీదకి ఎక్కిద్దాం.

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల గిటార్ వాయించేవాళ్లకి స్టేజీ అంటే ఆదివారం చర్చి, పెళ్లి రిసెప్షన్, పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లో ఊళ్లో జరిగే కార్యక్రమాలు. వీటిలో దాదాపు ఎక్కడా మన వెనక గిటార్ యాంప్ ఉండదు. వైరు తిన్నగా మిక్సర్‌లోకి పోతుంది. పెడల్‌బోర్డ్ గురించి బయట దొరికే సలహాలు మాత్రం చాలావరకు యాంప్ ఉందనుకుని చెప్పినవే. అందుకే పాఠాన్ని పెడళ్ల దగ్గర మొదలుపెట్టడం లేదు. బోర్డు నుంచి శబ్దం ఎక్కడికి పోతోంది, బోర్డుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది అన్నవి తేలితే, మధ్యలో ఏం పెట్టాలో సులువుగా తెలుస్తుంది.

మిక్సర్ వైపు

నా దగ్గర నేర్చుకునే ఒక కుర్రాడు అడిగిన మాటతో మొదలుపెడతాను. "మాస్టారూ, ఇంట్లో యాంప్‌లో పెడితే ఓవర్‌డ్రైవ్ బాగుందండి. చర్చిలో పెట్టేసరికి తేనెపట్టు కదిపినట్టు వస్తోందేంటండి?"

పెడల్‌లో లోపం లేదు, తేడా అంతా స్పీకర్‌ది. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ఓవర్‌డ్రైవ్ పుట్టించే గరుకులో చెవికి గుచ్చుకునే భాగం ఆ పైనే ఉంటుంది. పీఏ బాక్సు, అంటే జనం వైపు పెట్టే పెద్ద స్పీకర్, పాడేవాళ్ల గొంతు కోసం, సింబల్స్ కోసం తయారైంది, 15 కిలోహెర్ట్జ్ పైదాకా అంతా వినిపిస్తుంది. యాంప్‌లో దాగిన గరుకు ఇక్కడ బయటపడుతుంది.

కాబట్టి మన బోర్డులో అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది గిటార్ స్పీకర్ స్వభావాన్ని అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్ మీద. సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చి పంపే డీఐ అవుట్‌పుట్ కూడా అందులోనే ఉన్నది దొరికితే మరీ మంచిది. మామూలు గిటార్ వైరు ఆరేడు మీటర్లు దాటితే చుట్టూ ఉన్న లైట్ల గోల, జనరేటర్ గోల లాక్కుంటుంది. డీఐ బాక్సు ఆ సిగ్నల్‌ని మైక్ వైరులో పోయే బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌గా మారుస్తుంది. అక్కణ్ణుంచి మిక్సర్ 30 మీటర్ల అవతల ఉన్నా బెంగ లేదు. విడిగా డీఐ కొంటే, యాక్టివ్ రకానికి బ్యాటరీ గానీ మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ గానీ కావాలి, పాసివ్ రకానికి రెండూ అక్కర్లేదు. మన దగ్గర ప్రతి సౌండ్ సెట్‌లోనూ ఫాంటమ్ సరిగ్గా పనిచేస్తుందన్న భరోసా లేదు, అందుకని నేను పాసివ్‌నే సిఫార్సు చేస్తాను.

కరెంటు వైపు

ఇక్కడ తొందరపడొద్దు. పెడళ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పెడల్ వెనకో అడుగునో మూడు సంగతులు రాసి ఉంటాయి. మొదటిది వోల్టేజి, ఎక్కువ పెడళ్లకి 9 వోల్టుల డీసీ. రెండోది పోలారిటీ: ఒక గుండ్రని బొమ్మలో మధ్య చుక్క మైనస్‌కీ, బయటి రింగు ప్లస్‌కీ కలిసి ఉంటాయి. దీన్నే సెంటర్ నెగటివ్ అంటారు. మూడోది ఆ పెడల్ తాగే కరెంటు, మిల్లీ ఆంపుల్లో. వోల్టేజి, పోలారిటీ కచ్చితంగా కలవాలి. కరెంటు మాత్రం అడాప్టర్ ఇవ్వగలిగింది పెడల్‌కి కావలసినదానికంటే ఎంత ఎక్కువున్నా ఫర్వాలేదు. "2 ఆంపుల అడాప్టర్ పెడితే కాలిపోదా?" అని చాలామంది భయపడతారు. కాలదు. పెడల్ తనకి కావలసినంతే తీసుకుంటుంది.

భయపడాల్సింది ఇంట్లో పడున్న వైఫై రౌటర్ అడాప్టర్‌ని చూసి. పిన్ సరిగ్గా దూరుతుంది కాబట్టి పెట్టేయాలనిపిస్తుంది. కానీ అవి చాలావరకు 12 వోల్టులవి, పైగా సెంటర్ పాజిటివ్. పెడల్‌లో పెట్టొద్దు.

ఇప్పుడు లెక్క. ట్యూనర్‌కి 30 మిల్లీ ఆంపులు, అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి 10, అనలాగ్ కోరస్‌కి 20, డిజిటల్ డిలేకి 60, క్యాబ్ సిమ్యులేటర్‌కి 200 అనుకుందాం. మొత్తం 320. దీనికి మూడోవంతు వెసులుబాటు కలిపి 450 దాకా ఇవ్వగల సప్లై చూసుకోవాలి. మీ పెడళ్ల అంకెలు వేరుగా ఉంటాయి, కాగితం మీద మీవే వేసుకోండి.

ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా ఐదారు పిన్నులు వచ్చే డైసీ చైన్ వైరు చవక. అన్నీ అనలాగ్ పెడళ్లయితే దానితో సరిపెట్టుకోవచ్చు. డిజిటల్ పెడల్ ఒకటి అదే వైరు మీదకి చేరిందంటే సన్నటి కీచు మొదలవుతుంది. దాని లోపలి క్లాక్ శబ్దం అందరూ పంచుకుంటున్న కరెంటు దారిలోంచి ఓవర్‌డ్రైవ్‌లోకి చేరి, అక్కడ పెద్దదవుతుంది. ప్రతి పెడల్‌కీ విడి దారి ఇచ్చే ఐసొలేటెడ్ సప్లైకి ఖర్చెక్కువే, అయినా రెండో ఓవర్‌డ్రైవ్ కొనే బదులు ఇదే కొనమంటాను. ఓవర్‌డ్రైవ్ కంటే ముతక గరుకు తెచ్చే ఫజ్ పెడళ్లలో, పాత జెర్మేనియం రకానివి కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌వి, అంటే వాటిలో ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. వాటిని డైసీ చైన్‌లో మిగతావాటితో కలిపితే షార్టవుతుంది.

స్టేజీ కరెంటు సంగతి వేరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద బోర్డు పెడితే గీరు శబ్దం తప్పదు, సైన్ వేవ్‌దైతే ఇబ్బంది ఉండదు. లైట్లున్న లైన్ మీద కాకుండా, మిక్సర్‌కి ఇచ్చిన బాక్సు నుంచే మీ బోర్డుకీ కరెంటు అడగండి. "అన్నా, మీ మిక్సర్ బాక్సులోంచి ఒక పాయింట్ ఇవ్వరా" అంటే ఇస్తారు. రెండు చోట్ల నుంచి ఎర్త్ కలిస్తే ఆ చుట్టులో 50 హెర్ట్జ్ హమ్ పుడుతుంది. ఒక్క చోట నుంచే తీసుకుంటే ఆ గొడవ చాలావరకు ఉండదు.

హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ విరగ్గొట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని ఎవరి మాట మీదా చేయకండి. పాడుతూ వాయించేవాళ్లకి చేతిలో తీగలు, పెదవికి ఆనుకుని మైక్ ఉంటాయి. రెండిటి మధ్యా వోల్టేజి తేడా వస్తే అది పారేది మీ ఒంట్లోంచే. హమ్‌ని తగ్గించుకోవడానికి డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది, అది వాడండి. తీగలు ముట్టుకుంటే చురుక్కుమంటే వాయించడం ఆపి, ఎర్త్ చూడమని సౌండ్ వాళ్లకి చెప్పండి. జనం ఎదురుచూస్తున్నారన్న మొహమాటం అప్పుడు పనికిరాదు.

మధ్యలో ఏం పెట్టాలి

మొదటి బోర్డుకి ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, డిలే, క్యాబ్ సిమ్యులేటర్ చాలు. కోరస్, కంప్రెసర్ (గట్టి, మెల్లని స్వరాల మధ్య తేడా తగ్గించేది), వావా అన్నీ తర్వాత. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే క్యాబ్ సిమ్యులేటర్ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ ఒక్కటి కొనుక్కోవడం తెలివైన పని. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోకండి.

వరస ఇలా పెట్టండి: గిటార్ నుంచి ట్యూనర్, తర్వాత కంప్రెసర్ ఉంటే అది, తర్వాత ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్, చివర క్యాబ్ సిమ్యులేటర్. డిలేని ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి నలిగిపోతాయి, ఏ స్వరమూ విడిగా వినపడదు. కంప్రెసర్‌ని ఓవర్‌డ్రైవ్ తర్వాత పెడితే, స్వరం తగ్గుతున్నకొద్దీ హిస్ పైకి లేస్తుంది. ట్యూనర్ ముందుండటానికీ ఒక కారణం ఉంది. గిటార్ వైరు మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ మోస్తుంది, పొడుగు పెరిగేకొద్దీ పికప్ నుంచి వచ్చే మెరుపు తగ్గుతుంది. బాస్ లాంటి కంపెనీల ట్యూనర్‌లో ఉండే బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే చిన్న సర్క్యూట్) ఆ నష్టాన్ని అక్కడితో ఆపేస్తుంది. ఫజ్ ఫేస్ తరహా పెడల్ ఉంటే మాత్రం అది బఫర్‌కి ముందుండాలి, లేకపోతే గరుకుగా, పలచగా మోగుతుంది.

కర్ణాటక సంగీతం గిటార్ మీద పట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. మన విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు. బయటి నుంచి వచ్చిన వాద్యం మీద గమకం ఎంత నిండుగా పలుకుతుందో ఆయన వాదనం వింటే తెలుస్తుంది. గిటార్ మీద తీగ లాగి గమకం పలికించేటప్పుడు కోరస్ ఆపేయండి. కోరస్ పనే శృతిని అటూ ఇటూ కొద్దిగా కదపడం, అది మీ వేలి కదలికని మసకబారుస్తుంది. కంప్రెసర్ కొద్దిగా, డిలే మిక్స్ బాగా తక్కువగా పెడితే జారు చివరిదాకా స్పష్టంగా వినిపిస్తుంది.

బల్ల

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క 45 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతులో కోయించండి, వెనక వైపు కొంచెం ఎత్తు ఉండేలా. వడ్రంగి మేస్త్రికి అది పెద్ద పనేమీ కాదు. బాస్ కాంపాక్ట్ పెడల్ 73 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నాలుగు పక్కపక్కన పెట్టి, మధ్య ప్యాచ్ కేబుళ్లకి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వదిలినా ఇంకా చోటు మిగులుతుంది. ఈ పెడళ్లలో ఇన్‌పుట్ కుడివైపు, అవుట్‌పుట్ ఎడమవైపు. అందుకే బోర్డు కుడి నుంచి ఎడమకి నడుస్తుంది: ట్యూనర్ కుడి చివర, మిక్సర్‌కి పోయే వైరు ఎడమ చివర.

వెల్క్రో అంటించేముందు పెడల్ అడుగుని, ప్లైవుడ్‌ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మన ఎండలకి జిగురు వదిలేస్తుంది, మురికి మీద అంటించిందైతే ఇంకా ముందే. కరెంటు వైర్లు వెనక అంచున, సిగ్నల్ వైర్లు ముందు పోనివ్వండి. రెండూ ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన పరుగెత్తనివ్వొద్దు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉండేవాళ్లకి ఉప్పు గాలి వల్ల జాక్‌లు తొందరగా నల్లబడతాయి. అప్పుడప్పుడూ కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఒక ప్యాచ్ కేబుల్ ఎక్స్‌ట్రా ఎప్పుడూ సంచీలో ఉండాలి. శ్రీకాకుళంలో ఆదివారం పొద్దున అది పోతే, విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే.

లెవెళ్లు, డిలే టైము

అన్ని పెడళ్లూ ఆపి, ఒక కార్డ్ గట్టిగా వాయిస్తూ మిక్సర్‌లో గెయిన్ పెట్టించుకోండి. తర్వాత ఒక్కో పెడల్‌నీ నొక్కుతూ, ఆపుతూ అదే కార్డ్ వాయించండి. పెడల్ వేసినా తీసినా గట్టితనం మారకూడదు. మారితే లెవెల్ నాబ్‌తో సరిచేయండి. సోలోకి వాడే ఓవర్‌డ్రైవ్ ఒక్కదాన్నే కొద్దిగా పైకి ఉంచుకోండి. ఇంట్లో బాగున్న బేస్ (లోతు శబ్దం), రివర్బ్ (గది మోత) హాల్లో బురదగా వినిపిస్తాయి. రెండూ తగ్గించి మిడ్స్ (మధ్య శబ్దాలు) పెంచితే గిటార్ పాటలో కనిపిస్తుంది.

డిలే టైముకి 60,000ని పాట టెంపోతో భాగించండి. నిమిషానికి 100 దెబ్బల పాటకి ఒక దెబ్బ 600 మిల్లీ సెకన్లు, ముప్పావు దెబ్బ 450. సినిమా పాటలకి ఈ ముప్పావు కొలత చాలాచోట్ల అతుకుతుంది. మన జానపదాల్లో తిస్రంలో నడిచేవి చాలా ఉన్నాయి, వాటికి ఇది అతకదు, నడక తడబడినట్టు వినిపిస్తుంది. అక్కడ దెబ్బని మూడు చేయండి. 120 టెంపోలో దెబ్బ 500, మూడో వంతు 167, రెండు వంతులు 333. 333 పెట్టి, ఒక్కటే తిరుగు వచ్చేలా ఫీడ్‌బ్యాక్ తగ్గించి వాయించి చూడండి. డప్పు నడకలో ఇమిడిపోతుంది.

ఇంత చేసినా హమ్ వస్తుంటే, మొదట తీగల మీద చెయ్యి వేయండి. తగ్గితే గోల గిటార్ షీల్డింగ్ వైపు నుంచి వస్తోంది. నిలబడిన చోటే పక్కకి తిరిగితే మారుతుంటే సింగిల్ కాయిల్ పికప్‌ది. రెండిటికీ మారకపోతే గిటార్ వైరుని బోర్డు మొదట్లోంచి తీసేసి వినండి. అప్పటికీ ఉంటే ఒక్కో పెడల్‌నీ వరసలోంచి తప్పిస్తూ పోండి, ఎక్కడ ఆగితే దొంగ అక్కడే.

వచ్చే పాఠంలోపు మీ పెడళ్ల మిల్లీ ఆంపుల లెక్క ఒక కాగితం మీద, మీరు తరచూ వాయించే మూడు పాటల టెంపోలూ డిలే టైములూ ఇంకో కాగితం మీద రాసి, రెండూ బోర్డు అడుగున అంటించండి. ఐదో పాఠంలో అకౌస్టిక్ గిటార్‌కీ, పికప్ పెట్టుకున్న బొబ్బిలి వీణకీ బోర్డు ఎలా మార్చాలో చూద్దాం. వాటిలో వాడే పియెజో పికప్‌కి 1 మెగా ఓమ్ లేదా అంతకంటే ఎక్కువ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కావాలి కాబట్టి, మీ దగ్గరున్న ప్రీయాంప్ మీద ఆ అంకె ఎంతుందో చూసి పెట్టుకోండి.