వడ్ల కొనుగోళ్లు మొదలవ్వకముందే బ్లేడ్ పేజీల్లో ఇఫ్‌లు చూసుకోండి

నల్గొండ, మిర్యాలగూడ వైపు మిల్లులకో కొనుగోలు కేంద్రాలకో లారవెల్‌లో (పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సైట్ చేసిపెట్టినవాళ్లు, వానాకాలం వడ్లు కల్లాల్లోకి రాకముందే బ్లేడ్ టెంప్లేట్లు, అంటే పేజీలో ఏం కనిపించాలో రాసే ఫైళ్లు, ఒకసారి తెరిచి చూడాలి. ఇఫ్ ట్యాగ్‌లో షరతు తప్పుగా రాస్తే ఎర్రర్ రాదు. పేజీ చక్కగానే తెరుచుకుంటుంది, అందులో రాత మాత్రం తప్పు. కాంటా దగ్గర రైతు నిలదీసేదాకా బయటపడదు.

ముందు సున్నా సంగతి. తరుగు వేరియబుల్‌ను ఉత్త ఇఫ్‌లో (దేంతోనూ పోల్చకుండా) పెట్టి, ఎల్స్ కింద ‘తరుగు నమోదు కాలేదు’ అని రాశారనుకోండి. ఒక్క కిలో కూడా తరుగు పోని రైతుకూ అదే కనిపిస్తుంది. ఎందుకంటే పీహెచ్‌పీ లెక్కలో సున్నా, నల్ (అసలు విలువే లేకపోవడం), ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని రాత) మూడూ ‘ఫాల్స్’ కిందికే వస్తాయి. ఎంప్టీ ట్యాగ్‌తోనూ ఇదే గొడవ. ఇజ్‌సెట్ అయితే నల్‌ను ఆపుతుంది, సున్నాను రానిస్తుంది. ఇందులో ఇంకో తిరకాసుంది: డేటాబేస్‌లోని డెసిమల్ కాలమ్ విలువ స్ట్రింగ్‌గా రావచ్చు. ‘0’ అనే స్ట్రింగ్ ఫాల్స్, ‘0.00’ మాత్రం ట్రూ! అందుకే తరుగు, తేమ, బకాయి లాంటి అంకెలను ఉత్త ఇఫ్‌కు అసలు అప్పగించొద్దు.

రైతుల జాబితా ఎలోక్వెంట్ (లారవెల్‌లో డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చే భాగం) కలెక్షన్‌గా వస్తే అది ఆబ్జెక్ట్. లోపల ఒక్క పేరు లేకపోయినా ఇఫ్ దాన్ని ట్రూ అనే అంటుంది, హెడ్డింగులు మాత్రమే ఉన్న టేబుల్ కనిపిస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే వేరే మాట చూపించే ఫర్‌ఎల్స్ ట్యాగ్ వాడితే ఈ తలనొప్పి ఉండదు.

తేమకు వడ్లలో హద్దు 17 శాతం. ‘14 దాటితే’ అన్న షరతు పైన, ‘17 దాటితే’ అన్నది ఎల్స్‌ఇఫ్‌లో కింద రాస్తే ఆ రెండోదాకా ఎప్పటికీ వెళ్లదు. పెద్ద అంకె పైన ఉండాలి. 16.9, 17, 17.1 మూడూ కొట్టి చూడండి. సరిగ్గా 17 ఉన్న కుప్పను ‘ఎక్కువ తేమ’ అని చూపిస్తే అక్కడ లొల్లి మామూలుగా ఉండదు.

అనుమతి ఉన్నవాళ్లకే చూపించే క్యాన్ ట్యాగ్‌తో ‘బిల్లు మార్చు’ బటన్ దాచినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు. లింక్ తెలిసినవాళ్లు నేరుగా వెళ్లగలరు, కాబట్టి ఆ పని చేసే కంట్రోలర్ కోడ్‌లోనూ అనుమతి చూడాలి.

సీజన్ మధ్యలో ఫైల్ మార్చినా పాత పేజీయే వస్తుంటే కంగారుపడి మళ్లీ మళ్లీ ఎడిట్ చేయొద్దు, ముందు ఆర్టిజన్‌లో (లారవెల్ కమాండ్లు కొట్టే సాధనం) వ్యూ క్లియర్ కమాండ్ కొట్టి దాచిన పాత పేజీలు తీసేయండి.