జ్వరం దిగట్లేదా? స్క్రబ్ టైఫస్, పిడుదు జ్వరం టెస్టులు చేయించుకునే పద్ధతి

ఉద్దానం జీడితోటల్లో తుప్పలు కొట్టొచ్చినవాళ్లకో, పశువుల దగ్గర మసిలేవాళ్లకో ఐదారు రోజులైనా జ్వరం దిగదు, మలేరియా లేదంటారు, డెంగీ లేదంటారు, చివరికి టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్షలో ఏదో కాస్త కనిపించిందని టైఫాయిడ్ సూదులు మొదలెడతారు. అప్పుడు ఈ రెండింటి గురించి అడగండి. స్క్రబ్ టైఫస్ తుప్పల్లో ఉండే కంటికి ఆనని నల్లి (మైట్, మంచంలో ఉండే నల్లి కాదు) పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది, రెండోది పిడుదు కాటు వల్ల. రెండూ బ్యాక్టీరియా జబ్బులే, రెండింట్లోనూ ప్లేట్‌లెట్లు పడొచ్చు.

ముందు ఒళ్లంతా వెతకండి. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా ఉంటుంది, నొప్పీ దురదా ఉండవు కాబట్టి రోగికే తెలీదు. అది దొరికితే సగం పని అయినట్టే, దొరకలేదని మాత్రం జబ్బు లేదనుకోవద్దు.

ఇక టెస్టు. జ్వరం ఎన్నో రోజన్న దాన్నిబట్టే ఏ టెస్టో తేలుతుంది. మొదటి వారంలో పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే టెస్టు) మేలు, ఊదా మూత ట్యూబులో రక్తం, వీలైతే యాంటీబయాటిక్ వేయకముందే తీయించండి, ఆ పక్కు ఉంటే అది ఇంకా మంచి శాంపిల్. ఐజీఎం ఎలైజా, అంటే జబ్బుని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను చూసే టెస్టు, వారం దగ్గరపడ్డాకే సరిగ్గా పట్టుకుంటుంది, మూడో రోజు నెగటివ్ వస్తే దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, మళ్లీ చేయించండి. ఇంకోటి, స్క్రబ్ ఎలైజా కిట్ పిడుదు జ్వరాన్ని పట్టదు. వీల్-ఫెలిక్స్ 1916 నాటి చవక టెస్టు, రిపోర్టులో ఓఎక్స్-కె అనే అంకె పెరిగితే స్క్రబ్ అని, ఓఎక్స్-19, ఓఎక్స్-2 పెరిగితే పిడుదు జ్వరమని అనుమానించొచ్చు, అంతకుమించి దాని మీద నాకు నమ్మకం లేదు. పక్కాగా తేలాలంటే రెండు వారాలు ఆగి మళ్లీ రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూస్తారు.

అలాగని రిపోర్టు వచ్చేదాకా మందు ఆపుకోకూడదు. అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్లు డాక్సీసైక్లిన్ మొదలెట్టేస్తారు, గర్భిణులకైతే ఎక్కువగా అజిత్రోమైసిన్. చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. టైఫాయిడ్‌కి వేసే సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు ఎన్ని పొడిచినా వీటికి పనిచేయవు. ఆయాసం, మగత, మాట తడబడటం కనిపిస్తే టెస్టుల సంగతి తర్వాత, ముందు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి, జ్వరం మొదలైన తేదీ, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు వెంట పెట్టుకోండి.