ఆఫీసులో మన విశ్వాసాన్ని దాచకుండా, ఎవరినీ నొప్పించకుండా ఉండడం ఎలా

శ్రీకాకుళంలో ఒక పోస్టాఫీసు కౌంటర్‌లో 26 ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఈ ఏడాది మా సంఘంలో నలుగురు పిల్లలకి ఉద్యోగాలు వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ నన్ను పట్టుకుని ఒకే ప్రశ్న అడిగారు: "ఆంటీ, ఆఫీసులో క్రైస్తవులమని చెప్పాలా, ఊరుకోవాలా?" చర్చి మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

చెప్పాలి. మొదటి వారంలోనే, మామూలు మాటల్లో కలిపి చెప్పాలి. సోమవారం పొద్దున్న "నిన్న ఏం చేశారండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "ఇంట్లోనే ఉన్నాను" అని దాటెయ్యకండి. "పొద్దున్న చర్చికి వెళ్ళాం, మధ్యాహ్నం చేపల పులుసు పెట్టాను, సాయంత్రం అలా నాగావళి ఒడ్డు దాకా నడిచొచ్చాం" అనండి. చర్చి మాట దగ్గర గొంతు పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు. మొదట్లో దాచి మూడేళ్ళకి బయటపడితే "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంటారు. అప్పుడు మన నమ్మకం ఏదో సిగ్గుపడే విషయం అన్నట్టవుతుంది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి అసలు టెన్షన్ అక్కడే. మా ఇంట్లో అందరివీ బీసీ-సి సర్టిఫికెట్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ గుర్తింపు హిందువులకే ఉండేది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలని మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు, ఆ గ్రూపుకి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినంత మాత్రాన వీధిలో మా కులం ఎవరూ మర్చిపోలేదు కాబట్టి ఈ పద్ధతి న్యాయం కాదని నేను నమ్ముతాను. దీనివల్ల ఆదివారం ఒకలా, ఆఫీసులో ఇంకోలా బతికే కుటుంబాలు నాకు తెలుసు. పేదరికం ఎంత నొక్కుతుందో చూసినదాన్ని, వాళ్ళని నిందించలేను. కానీ మీకు ఎంచుకునే అవకాశం ఉంటే మాత్రం మొదటి కాగితం మీదే నిజం రాయండి. ఆ తర్వాత చెప్పే ప్రతి మాటకీ బలం అక్కడి నుంచే వస్తుంది.

చట్టం కూడా తెలుసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మనకి నచ్చిన మతాన్ని నమ్మే, పాటించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం దెబ్బతినకూడదన్నది షరతు. ప్రచారం అంటే మన నమ్మకాన్ని వివరించడమే తప్ప ఎదుటి మనిషి మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు మనవాళ్ళలో కొందరికి నచ్చదు. నాకు ఇబ్బంది లేదు. మనసు మార్చే పని పరిశుద్ధాత్మది అని కదా మనం నమ్మేది.

కౌంటర్ దగ్గర

జీతం తీసుకునే చోట, జనం మన దగ్గరికి రాక తప్పని చోట, మత ప్రచారం చెయ్యకూడదు. పాస్‌బుక్కులో కరపత్రం పెట్టి ఇవ్వడం నాకు తెలిసిన ఒకరు చేశారు. డబ్బు తీసుకోడానికి వచ్చిన ముసలాయన అది తీసుకోక ఏం చేస్తాడు? వద్దంటే పని ఆగుతుందేమోనని భయపడతాడు. భయంతో తీసుకున్న కాగితం సువార్త ఎలా అవుతుంది?

2016 నుంచి తపాలా శాఖ గంగాజలం సీసాలు అమ్ముతోంది. "నువ్వు అవి అమ్ముతావా?" అని మా ప్రార్థన కూడికలో ఒకావిడ నన్ను నిలదీసింది. అమ్ముతాను. పెద్దావిడ ఎవరైనా వచ్చి అడిగితే, మూత సరిగ్గా ఉందో లేదో చూసి, తుడిచి, రెండు చేతులతో ఇస్తాను. ఆ నీళ్ళు ఆవిడకి పవిత్రం. నాకు కాదు. కానీ ఆవిడ నాకు దేవుడి పోలికలో పుట్టిన మనిషి. విసురుగా బల్ల మీద పెడితే నేను చాటుకున్నది విశ్వాసం కాదు, తలబిరుసు.

నమస్కారం పెట్టడం తప్పని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బయటివాళ్ళకి నమస్కారం, మనవాళ్ళకి వందనాలు. ఇందులో విశ్వాసానికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

ప్రసాదం

అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రథసప్తమి మర్నాడు, ఒక పెద్దావిడ అరసవల్లి ప్రసాదం పొట్లం కట్టి తెచ్చింది. ఆవిడ ఫారాలు నేనే నింపేదాన్ని, ఆ అభిమానం. "తీసుకో అమ్మా" అని చెయ్యి చాపింది. నేను తల కూడా ఎత్తకుండా "మేం తినం" అన్నాను. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఆవిడ మళ్ళీ నా కౌంటర్‌కి రాలేదు. పక్క లైను ఎంత పొడుగున్నా అక్కడే నిలబడేది. క్షమించమని అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆవిడ పోయింది.

కాబట్టి ఈ మాటలు ముందే నోట్లో ఉంచుకోండి. మొదట లేచి నిలబడండి. "అమ్మా, అంత జనంలో కూడా నన్ను తలుచుకున్నారు, చాలా సంతోషం. నేను ప్రభువుని నమ్ముకున్నాను, ప్రసాదం తిననండి. పక్కన బాబుగారు ఇష్టంగా తింటారు, మీ పేరు చెప్పి ఇవ్వనా?" ఆ తర్వాత వెంటనే ఫారం మీదకి వంగిపోకండి. మనవడి గురించో మోకాళ్ళ గురించో అడగండి. తీసుకుని, ఆవిడ వెనక్కి తిరగ్గానే చెత్తబుట్టలో వెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. అందులో అబద్ధమూ ఉంది, అవమానమూ ఉంది.

తినొచ్చా, తినకూడదా అన్న దాని మీద విశ్వాసులందరిదీ ఒకే మాట కాదు. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు నిదానంగా చదవండి. పౌలు అక్కడ ఆహారం గురించి మాట్లాడుతూనే పక్కవాడి మనస్సాక్షి గురించి ఎక్కువ బెంగపడతాడు. నేను తినను. తినే విశ్వాసిని తక్కువగా చూడను.

దసరాకి ఆయుధపూజ. మా తేదీ ముద్రలకి, తూకం మిషన్‌కి బొట్లు పెడతారు. నేను ముందురోజే పోస్టుమాస్టరు గారి దగ్గరికి వెళ్ళి చెప్తాను: "సార్, పూజలో కూర్చోను, హారతి తీసుకోను. మిగతా పనులన్నీ చెప్పండి." నా బల్ల నేనే కడుగుతాను, ముద్రలు శుభ్రం చేసి ఇస్తాను, టిఫిన్ల చందా అందరితో సమానంగా వేస్తాను. పూజ జరుగుతున్నప్పుడు బయటికి పోను, వెనక నిలబడతాను. మర్నాడు పనికి కూర్చునేటప్పుడు ముద్ర మీద కుంకుమ ఉంటే, అందరి ముందూ గబగబా తుడిచెయ్యను. పని మొదలయ్యాక అదే పోతుంది. ఇలాంటివి ఆరోజు అందరి మధ్యలో చెప్తే గొడవగా కనబడతాయి, ముందురోజు విడిగా చెప్తే అర్థం చేసుకుంటారు.

కష్టంలో ఉన్నవాళ్ళతో

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. మన జిల్లాలో ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు తాకని ఊళ్ళు తక్కువ. కవిటి దగ్గరి నుంచి ఒకామె భర్తకి డయాలసిస్ చేయిస్తూ, దాచుకున్న ఆర్.డి. మధ్యలో ఆపి డబ్బు తీసుకోడానికి వచ్చింది. సంతకం పెడుతూ పెడుతూ ఏడ్చింది. నేను ప్రార్థన మాట ఎత్తలేదు. మంచినీళ్ళు ఇచ్చి, ఆమె పని పూర్తి చేసి, మళ్ళీ ఏ కాగితాలు తేవాలో రాసిచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఆమే అడిగింది, "మీ యేసు ప్రభువుని అడుగుతావేటమ్మా?" అని.

"అడుగుతాను. ఆయన పేరు చెప్పండి" అని చీటీ మీద రాసుకున్నాను.

"తగ్గిపోద్దేటి?"

"అది నాకు తెలీదమ్మా. అడుగుతాను, అంతే. డయాలసిస్ మాత్రం ఒక్క రోజు కూడా మానిపించొద్దు."

ప్రతి రాత్రీ ఆ పేరు చెప్పి అడిగాను. ఆర్నెల్లకి ఆయన పోయాడు. నేను "తగ్గిపోతుంది, నమ్ముకో" అని ఉంటే ఆమె ముఖం ఎలా చూసేదాన్ని? నమ్మితే జబ్బు పోతుందని, మందులు మానెయ్యమని చెప్పేవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళ మాట నమ్మి చచ్చిపోయినవాళ్ళ లెక్క దేవుడు అడుగుతాడు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే ముందు వినండి, చేతనైన పని చెయ్యండి. ప్రార్థన చేస్తానని చెప్పాలనిపిస్తే "చెయ్యనా?" అని అడగండి. వద్దంటే మనసులో చేసుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన నిరీక్షణకి, అంటే దేవుడి మీద పెట్టుకున్న ఆశకి, కారణం అడిగినవాళ్ళకి "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమన్నాడు పేతురు. ఆయన చెప్పింది అడిగినవాళ్ళకి.

అడిగేవాళ్ళలో వెటకారంగా అడిగేవాళ్ళూ ఉంటారు. "తెల్లోళ్ళ మతం మీకెందుకండీ?" అని నన్ను చాలామంది అడిగారు. కోపం వద్దు, సంగతి చెప్పండి. యేసు పుట్టింది ఆసియాలో. తెలుగు నేల మీద చూసుకున్నా, లండన్ మిషనరీలు విశాఖపట్నం వచ్చింది 1805లో, వాళ్ళు మొదట చేసినది తెలుగు నేర్చుకోవడం. పర్లాకిమిడి వైపు పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు మేం ఈనాటికీ పాడుకుంటున్నాం. చివర "ఇంకా ఏదైనా అడగండి, తెలిస్తే చెప్తాను" అనండి. మీరూ వాళ్ళ ఇంటి పండగల గురించి అడగండి. నాకు పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం గురించి చెప్పింది విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగే. ఆవిడ చెప్తుంటే కళ్ళు మెరిసేవి.

మిగతావి చిన్నవి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రోజూ వాక్యం పెట్టొద్దు. ఇంట్లో కూడిక పెడితే పక్కింటివాళ్ళకి ముందు చెప్పండి. రాత్రి 10 దాటితే మైకు కట్టెయ్యాలి, చట్టం అది, పొరుగువాడి నిద్ర కూడా.

క్రిస్మస్‌కి మాత్రం మొహమాటపడకండి. నేను ఆఫీసు మొత్తానికీ కేకు డిసెంబరు 24నే ఇచ్చేస్తాను, ఆ రోజు అందరూ ఉంటారు. కేకులో గుడ్డు ఉంటుంది కాబట్టి శాకాహారులకి వేరే పళ్ళెం, అందులో రవ్వలడ్డూలు, జంతికలు. ఏ పళ్ళెంలో ఏముందో నేనే నోటితో చెప్తాను. కరపత్రం పెట్టను. "ఎందుకమ్మా ఇంత సంతోషం?" అని ఎవరైనా అడిగితే, ఆ రోజు కూర్చుని తీరిగ్గా చెప్తాను.